అమెరికాలో ఇల్లు మారుతూ ట్రక్కు వెనక కారు లాక్కెళ్ళడం ఎలా

డాలస్ నుంచి న్యూజెర్సీలోని ఎడిసన్‌కో, అట్లాంటా నుంచి సియాటిల్‌కో ఉద్యోగం మారింది. సామానంతా ట్రక్కులో వేసుకుని, కారును దాని వెనక తగిలించుకుని బయల్దేరాలనుకుంటున్నారు. అందరూ ముందు ట్రక్కు అద్దె ఎంతో చూస్తారు. దానికంటే ముందు చూడాల్సింది మీ కారు ఇంజను ఏ చక్రాలను తిప్పుతోందో. కారును ఎలా లాగాలో అది తేలుస్తుంది. ట్రక్కు సైజు ఆ తర్వాత.

ఇంట్లో కారు నడిపేవాళ్ళు ఇద్దరుండి, దూరం ఒక రోజు ప్రయాణమే అయితే లాగే ఆలోచన మానుకోండి. ఒకరు ట్రక్కు, ఒకరు కారు తీసుకెళ్తే ఖర్చూ తక్కువే, తలనొప్పీ తక్కువే. ఒక్కరే నడిపేవాళ్ళు ఉన్నప్పుడు, లేదా ప్రయాణం రెండు మూడు రోజులు పట్టేటప్పుడు కింద చెప్పినవన్నీ పనికొస్తాయి.

డాలీనా, ట్రెయిలరా

అద్దెకు రెండు రకాలు దొరుకుతాయి. టో డాలీ మీద కారు ముందు చక్రాలు మాత్రమే ఎక్కుతాయి, వెనక చక్రాలు రోడ్డు మీద తిరుగుతూ వస్తాయి. ఆటో ట్రాన్స్‌పోర్ట్ అనే ట్రెయిలర్ మీద నాలుగు చక్రాలూ ఎక్కుతాయి.

ఫ్రంట్ వీల్ డ్రైవ్, అంటే ఇంజను ముందు చక్రాలను తిప్పే కార్లకు డాలీ సరిపోతుంది. కరోలా, సివిక్, అకార్డ్, ప్రియస్ ఎక్కువగా ఈ రకమే. కానీ పేరు చూసి నిర్ణయించుకోవద్దు. కామ్రీలో, ప్రియస్‌లో ఆల్ వీల్ డ్రైవ్ (నాలుగు చక్రాలూ తిప్పే) మోడళ్ళు కూడా వచ్చాయి. డిక్కీ మీద ఏడబ్ల్యూడీ (AWD) అన్న అక్షరాలు ఉన్నాయేమో చూడండి, ఓనర్స్ మాన్యువల్‌లో టోయింగ్ పేజీ తీసి చదవండి.

రియర్ వీల్ డ్రైవ్ (వెనక చక్రాలను తిప్పే), ఆల్ వీల్ డ్రైవ్ కార్లను డాలీ మీద పెట్టకూడదు. ఆటోమేటిక్ గేర్‌బాక్సులో ఆయిల్‌ను తిప్పే పంపు ఇంజను నడిస్తేనే పనిచేస్తుంది. ఇంజను ఆపేసిన రియర్ వీల్ కారును లాగితే వెనక చక్రాలు గేర్‌బాక్సులోని భాగాలను తిప్పుతూనే ఉంటాయి, వాటికి ఆయిల్ మాత్రం అందదు. వంద మైళ్ళు పోయేసరికి లోపల వేడెక్కి పాడవుతుంది. ఆల్ వీల్ కారైతే ముందు చక్రాలు కదలకుండా వెనకవి మాత్రమే తిరుగుతాయి, ఆ తేడా అంతా ముందు వెనక చక్రాలను కలిపే కప్లింగ్ మీద పడుతుంది. వెనక చక్రాలకు శక్తిని చేర్చే కడ్డీ, డ్రైవ్‌షాఫ్ట్, విప్పి లాగొచ్చని కొందరు చెబుతారు. మెకానిక్ కాని వాళ్ళు ఆ జోలికి పోవద్దు.

మనవాళ్ళ ఇళ్ళ ముందు ఎక్కువగా కనిపించే ర్యావ్4 హైబ్రిడ్ దగ్గరే చాలామంది పొరబడతారు. 2025 మోడల్ దాకా అమెరికాలో అమ్మినవన్నీ ఆల్ వీల్ డ్రైవే. వెనక ఇరుసు మీద వేరే ఎలక్ట్రిక్ మోటార్ ఉంటుంది, ముందు నుంచి వెనక్కి షాఫ్ట్ ఉండదు. కింద వంగి చూసి షాఫ్ట్ లేదు కాబట్టి ఫ్రంట్ వీలే అనుకుంటే మోసపోయినట్టే. టెస్లా అయితే చర్చే లేదు: నాలుగు చక్రాలూ నేలకు పైన ఉండాలని మాన్యువల్ చెబుతుంది. చక్రం తిరిగితే మోటార్ కరెంటు పుట్టిస్తుంది, దాంతో వేడెక్కి దెబ్బతినొచ్చు. కారును నడపకుండా ట్రెయిలర్ మీదకు లాగాల్సి వస్తే చక్రాలను వదులుగా తిరగనిచ్చే ట్రాన్స్‌పోర్ట్ మోడ్ స్క్రీన్‌లో ఎక్కడుందో ఇంటి దగ్గరే వెతికి పెట్టుకోండి.

బరువు కూడా చూడాలి. ట్రక్కులు, ట్రెయిలర్లు అద్దెకిచ్చే యూహాల్ కంపెనీ ఆటో ట్రాన్స్‌పోర్ట్ ఖాళీగా 2,210 పౌండ్లు ఉంటుంది, 5,290 పౌండ్ల దాకా కారును మోస్తుంది. మామూలు సెడాన్లు, ఎక్కువ ఎస్‌యూవీలు ఈ లోపే ఉంటాయి. డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్ మీద కనిపించే అంకె కారు బరువు కాదు, మనుషులు, సామానుతో కలిపి అనుమతించే గరిష్ఠ బరువు. మీకు కావలసిన కర్బ్ వెయిట్, అంటే మనుషులు, సామాను లేని కారు బరువు, మాన్యువల్‌లో ఉంటుంది. డాలీకి ఈ పరిమితి ఇంకా తక్కువ. బుకింగ్‌లో కారు సంవత్సరం, కంపెనీ, మోడల్ అడుగుతారు, అక్కడ సరిగ్గా ఇవ్వండి. ఆల్ వీల్ అని చెబితే డాలీ ఇవ్వరని తెలిసి ఫ్రంట్ వీల్ అని రాయించేవాళ్ళు ఉన్నారు. అలా చేస్తే కారు పాడైనా, ప్రమాదం జరిగినా ఇన్సూరెన్స్ మీ వైపు నిలబడదు.

ఫ్రంట్ వీల్ కారైనా సరే, దూరం 500 మైళ్ళు దాటితే ట్రెయిలరే తీసుకోమని మా మాట. అద్దె తేడా మొత్తం ఖర్చులో పెద్దది కాదు. వెనక టైర్లు అరగవు, హ్యాండ్ బ్రేక్ సంగతి తలనొప్పి ఉండదు, కాస్త రివర్స్ చేసుకునే వీలుంటుంది. డాలీతో రివర్స్ అసలు సాగదు, ఆ ఇబ్బంది గురించి తర్వాత చెబుతాం.

ట్రక్కు బుకింగ్

యూహాల్ లెక్కలో 15 అడుగుల ట్రక్కు రెండు బెడ్‌రూముల అపార్ట్‌మెంటుకు, 20 అడుగులది మూడు బెడ్‌రూముల అపార్ట్‌మెంటుకు, 26 అడుగులది మూడు నాలుగు బెడ్‌రూముల ఇంటికి సరిపోతాయి. సందేహం వస్తే ఒక సైజు పైకే వెళ్ళండి. సామాను పట్టక కారులో కుక్కాల్సి వస్తే అసలు చిక్కు అక్కడ మొదలవుతుంది. లాగే కారు ఖాళీగా ఉండాలి. పెట్టెలు, బియ్యం బస్తాలు వెనక సీటులోనో డిక్కీలోనో వేస్తే బరువు వెనక్కి పోయి ట్రెయిలర్ అటూ ఇటూ ఊగుతుంది.

26 అడుగుల ట్రక్కు అనుమతించిన మొత్తం బరువు 26,001 పౌండ్ల లోపే ఉండేలా తయారవుతుంది, ట్రెయిలర్ 10,000 లోపు ఉంటుంది. అందుకే కమర్షియల్ లైసెన్సు అక్కర్లేదు, మామూలు లైసెన్సు చాలు. వీసా మీద ఉన్నవాళ్ళ లైసెన్సు గడువు చాలా రాష్ట్రాల్లో ఐ-94 లేదా ఐ-797 (ఇమిగ్రేషన్ వాళ్ళిచ్చే కాగితాలు) తేదీతో ముడిపడి ఉంటుంది. ప్రయాణం మధ్యలో అది అయిపోదు కదా, ముందే చూసుకోండి.

నెలాఖరు రోజుల్లో, వేసవిలో ట్రక్కులకు గిరాకీ ఎక్కువ. నెల మధ్యలో, శని ఆదివారాలు కాని రోజుల్లో తీసుకుంటే రేటు తగ్గుతుంది. వన్ వే అద్దె దిశను బట్టి కూడా మారుతుంది, కాలిఫోర్నియా నుంచి టెక్సస్‌కు వచ్చే రేటు అటు వెళ్ళే రేటు కంటే చాలా ఎక్కువ పలకడం మామూలే. రెండు మూడు వారాల ముందే బుక్ చేయండి. ట్రక్కు ఒక షాపులో, ట్రెయిలర్ ఇంకో షాపులో ఇస్తామంటే కాదనండి, రెండూ ఒకేచోట కావాలని ముందురోజు ఫోన్ చేసి ఖాయం చేసుకోండి.

పెట్రోలు లెక్క వేసుకోండి. ఖాళీగా గ్యాలనుకు 10 మైళ్ళు ఇస్తుందని చెప్పే పెద్ద ట్రక్కు, నిండా సామానుతో, వెనక కారుతో 6 నుంచి 8 మైళ్ళే ఇస్తుంది. డాలస్ నుంచి ఎడిసన్ సుమారు 1,550 మైళ్ళు. గ్యాలనుకు 7 మైళ్ళ చొప్పున 220 గ్యాలన్లు దాటుతుంది. గ్యాలను 3 డాలర్ల 20 సెంట్లయితే ఇంధనానికే 700 డాలర్లు. ఇంకో అద్దె కంపెనీ పెన్స్కీ 22, 26 అడుగుల ట్రక్కులు డీజిలువి, యూహాల్‌వి పెట్రోలువి. ఏ బండిలో ఏది పోయాలో ట్యాంకు మూత మీద చదివి పోయండి.

ఇన్సూరెన్సు విషయంలో బద్దకించకండి. మీ కారు పాలసీ, క్రెడిట్ కార్డు రెంటల్ కవరేజీ మూవింగ్ ట్రక్కులకు చాలావరకు వర్తించవు. ట్రక్కు కంపెనీ ప్లాన్ తీసుకునేటప్పుడు ఒక్క ప్రశ్న అడగండి: బ్రిడ్జీకో చెట్టు కొమ్మకో తగిలి పైకప్పు చిరిగితే ఇందులో వస్తుందా? యూహాల్ ప్లాన్లలో సేఫ్‌మూవ్‌లో అది రాదు, సేఫ్‌మూవ్ ప్లస్‌లో వస్తుంది. లాగుతున్న మీ కారుకు దెబ్బ తగిలితే ఎవరిస్తారో మీ కారు ఇన్సూరెన్స్ ఏజెంటును అడిగి, జవాబు ఈమెయిల్‌లో తీసుకోండి.

సామాను ఎక్కించడం

బరువైనవన్నీ ముందుకు, అంటే డ్రైవర్ క్యాబిన్ వైపు రావాలి. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, పుస్తకాల పెట్టెలు ముందు, పరుపులు, బట్టలు వెనక. వెట్ గ్రైండర్ రాళ్ళు తీసేసి విడిగా దుప్పట్లలో చుట్టండి, గిన్నెలో ఉంచితే గతుకులకు డ్రమ్ము వంగిపోతుంది. ఆవకాయ జాడీలకు మూత మీద ప్లాస్టిక్ కవరు బిగించి కట్టి, నిటారుగా ఉండేలా బకెట్లో పెట్టి క్యాబిన్‌లో మీ పక్కనే ఉంచుకోండి. పాస్‌పోర్టులు, ఐ-797లు, బంగారం కూడా మీ బ్యాగులోనే. గ్రిల్లు ప్రొపేన్ సిలిండర్, పెయింటు డబ్బాలు ట్రక్కులో ఎక్కించకూడదు.

కరివేపాకు మొక్క తీసుకెళ్దామనుకుంటే ఒక్కసారి ఆగండి. అది నిమ్మజాతికి దగ్గరి చెట్టు. సిట్రస్ గ్రీనింగ్ తెగులును మోసుకొచ్చే ఆసియన్ సిట్రస్ సిల్లిడ్ అనే చిన్న పురుగుకు అదంటే ఇష్టం. అందుకే ఫ్లోరిడా, టెక్సస్, కాలిఫోర్నియా లాంటిచోట్ల క్వారంటైన్ ప్రాంతాల నుంచి ఆ మొక్కను బయటికి తీసుకెళ్ళడం మీద ఆంక్షలున్నాయి. కాలిఫోర్నియాలోకి వెళ్ళేటప్పుడు సరిహద్దు దగ్గర ఆపి మొక్కలున్నాయా అని అడుగుతారు. ఫ్లోరిడాలో అద్దె ట్రక్కులన్నీ వ్యవసాయ తనిఖీ కేంద్రం దగ్గర ఆగి తీరాలి. ఏళ్ళ తరబడి పెంచిన చెట్టును వదిలేయడం మనసుకు కష్టమే, పక్కింటి తెలుగువాళ్ళకు ఇచ్చి వెళ్ళండి.

ట్రెయిలర్ తగిలించుకోవడం

షాపు మనిషే తగిలిస్తాడు. అయినా పక్కన నిలబడి చూడండి, దారిలో తనిఖీ చేయాల్సింది మీరే.

ట్రెయిలర్ ముందు కొసలో ఉండే కప్లర్ ట్రక్కు వెనకుండే గుండు, అంటే హిచ్ బాల్, మీద పూర్తిగా కూర్చోవాలి. మీద ఉన్న చక్రాన్ని కుడివైపుకు ఇక తిరగదనేదాకా బిగించాలి. తర్వాత కప్లర్‌ను రెండు చేతులతో పైకి లాగి చూడండి. బాల్ వదిలి పైకి వస్తే సరిగ్గా కూర్చోలేదన్నమాట, చక్రం బిగిసినట్టు కనిపించినా నమ్మొద్దు. గొలుసులు రెండూ కప్లర్ కింద అడ్డంగా, ఎక్స్ ఆకారంలో వెళ్ళాలి. ఎప్పుడైనా కప్లర్ ఊడితే ఆ గొలుసులే ఊయలలా దాన్ని పట్టుకుని నేలకు తగలకుండా ఆపుతాయి. మలుపుల్లో బిగుసుకోకుండా, నేలకు రాసుకోకుండా ఉండేంత వదులు ఇవ్వండి.

లైట్ల వైరు తగిలించాక ఒకరు క్యాబిన్‌లో కూర్చుని బ్రేకు, ఎడమ సిగ్నల్, కుడి సిగ్నల్, పార్కింగ్ లైట్లు ఒక్కొక్కటీ వేయాలి, ఇంకొకరు వెనక నిలబడి చూడాలి. ట్రెయిలర్ టైర్లలో పగుళ్ళు, పట్టీల అంచుల్లో పీలికలు ఉంటే అప్పుడే వేరేది అడగండి. పట్టీ చిరిగి ఉంటే ఎంత బిగించినా లాభం లేదు. అన్నీ ఫోన్‌లో ఫొటోలు తీసుకోండి.

కారు ఎక్కించడం

ఇది ఖాళీగా ఉన్న చదునైన పార్కింగ్ లాట్‌లో చేయండి. వాలు మీద, రోడ్డు పక్కన వద్దు. ట్రక్కు, ట్రెయిలర్ ఒకే సరళరేఖలో నిలబెట్టి, ట్రక్కును పార్క్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేకు వేయండి.

1. వెనక ర్యాంపులు బయటికి లాగి, గట్టిగా పట్టుకున్నాయో లేదో చూడండి. ట్రెయిలర్ ఎడమ వైపు ఫెండర్ (చక్రాల మీది రేకు) కిందికి వంచండి, లేకపోతే ఎక్కాక కారు తలుపు తెరుచుకోదు.

2. కారు ఎప్పుడూ ముందు వైపే ఎక్కాలి. ఇంజను బరువు ట్రక్కు వైపు ఉంటేనే ట్రెయిలర్ నిలకడగా వస్తుంది. వెనక్కి ఎక్కిస్తే హైవే వేగానికి చేరగానే ఊగడం మొదలవుతుంది.

3. బయట ఒకరు నిలబడి చక్రాలు ర్యాంపు మధ్యలో ఉన్నాయో చెబుతుంటే, యాక్సిలరేటర్ తాకీ తాకనట్టు ఎక్కించండి. ముందు టైర్లు ట్రెయిలర్ చివర ఆపే అడ్డను తాకగానే ఆగండి. బంపర్ కిందికి బాగా వచ్చిన కారైతే ర్యాంపు దగ్గర రాసుకుంటుందేమో ఒకసారి వంగి చూడండి.

4. ట్రెయిలర్ మీద కారు పార్క్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేకు వేయండి.

5. పట్టీలు ముందు టైర్ల మీదుగా వేయాలి. టైరు మధ్యలో పట్టీ పడిందా, పక్కకు జారిందా చూడండి. పట్టీని బిగించే రాచెట్ కాడను ఇక కదలదనేదాకా బిగించండి. రెండు వైపులా సమానంగా బిగించాలి, ఒకటి పూర్తిగా బిగించి ఇంకొకటి మొదలుపెడితే కారు ఒక పక్కకు లాగుతుంది. మిగిలిన పట్టీ కొసను ముడివేయండి, గాలికి కొట్టుకుంటూ తెగిపోకుండా.

6. భద్రతా గొలుసులను కారు కింద ఫ్రేముకు తగిలించండి. బ్రేకు పైపులకు, సస్పెన్షన్ కడ్డీలకు, ప్లాస్టిక్ బంపర్‌కు తగిలించొద్దు.

7. ర్యాంపులు లోపలికి తోసి లాక్ చేయండి, ఫెండర్ పైకి లేపండి.

డాలీ అయితే రెండు తేడాలున్నాయి. వెనక చక్రాలు తిరగాలి కాబట్టి హ్యాండ్ బ్రేకు తీసేయాలి. చాలా కొత్త కార్లలో ఎలక్ట్రానిక్ హ్యాండ్ బ్రేకు పార్క్‌లో పెట్టగానే, లేదా ఇంజను ఆపగానే దానంతటదే పడిపోతుంది. అది తెలియక బయల్దేరితే కొన్ని మైళ్ళలోనే వెనక టైర్లు ఒక పక్క చదునుగా అరిగిపోతాయి, బ్రేకులు కాలి పొగ వస్తుంది. మీ కారులో ఆ ఆటోమేటిక్ బ్రేకును ఎలా ఆపాలో మాన్యువల్‌లో చూసి ఆపండి. కారు బిగించాక పది అడుగులు మెల్లగా లాగి, ఇంకొకరిని వెనక చక్రాలు తిరుగుతున్నాయా చూడమనండి. ఈ పరీక్ష మాత్రం తప్పించొద్దు. రెండోది స్టీరింగ్ సంగతి. కొన్ని డాలీలకు స్టీరింగ్ లాక్ అయి ఉండాలి, కొన్నింటికి లాక్ తీసి ఉండాలి. డాలీ మీద అంటించిన స్టిక్కర్ చదివి అదే చేయండి.

కారులో ఉన్న, టోల్ డబ్బు దానంతటదే కట్టే ఈజీపాస్ ట్యాగ్ తీసేయండి. వెనక వచ్చే కారు ట్యాగ్ కూడా టోల్ యంత్రం చదివితే రెండుసార్లు డబ్బు పోతుంది. ట్రక్కుకు రెండు ఇరుసులు, ట్రెయిలర్‌కు రెండు కలిపి నాలుగు ఇరుసుల టోల్ పడుతుంది, డాలీ, కారు వెనక ఇరుసు కలిపినా అంతే.

రోడ్డు మీద

మొదటి 5 మైళ్ళు నడిపాక ఆగండి. పట్టీలు తప్పకుండా వదులవుతాయి, ఎందుకంటే కుదుపులకు టైర్లు, సస్పెన్షన్ సర్దుకుంటాయి. మళ్ళీ బిగించండి. 50 మైళ్ళ తర్వాత ఇంకోసారి, ఆపైన ఆగిన ప్రతిచోటా కప్లర్, గొలుసులు, పట్టీలు, లైట్లు, టైర్ల వేడి చూడండి. అరచేతిని టైరుకు దగ్గరగా పెట్టండి, మిగతావాటి కంటే ఒకటి బాగా వేడిగా ఉంటే అందులో గాలి తక్కువ, లేదా బ్రేకు పట్టేసింది.

యూహాల్ ట్రెయిలర్లకు గంటకు 55 మైళ్ళు గరిష్ఠ వేగం. కాలిఫోర్నియాలో చట్టం కూడా లాగుతున్న బండ్లకు అంతే పెట్టింది. పక్క లేన్లో అందరూ 75లో పోతుంటే మీరు కుడి లేన్లోనే ఉండండి. ట్రెయిలర్ ఊగడం మొదలైతే బ్రేకు తొక్కొద్దు, స్టీరింగ్ అటూ ఇటూ తిప్పొద్దు. యాక్సిలరేటర్ వదిలి, స్టీరింగ్ గట్టిగా తిన్నగా పట్టుకోండి. వేగం తగ్గేకొద్దీ అదే ఆగుతుంది. ఆగాక బండి పక్కకు తీసి బరువు ఎక్కడ తప్పిందో చూడండి. దిగువ వాలుల్లో బ్రేకు మీదే కాలు పెట్టి కూర్చోకుండా తక్కువ గేరులోకి మారండి.

ఎత్తు సంగతి మర్చిపోతే చాలా నష్టం. క్యాబిన్‌లో ట్రక్కు ఎత్తు స్టిక్కర్ ఉంటుంది, ఆ అంకెను ప్రయాణమంతా గుర్తుపెట్టుకోండి. నార్త్ కరోలినాలోని డర్హమ్‌లో 11 అడుగుల 8 అంగుళాల రైలు బ్రిడ్జీ ఎన్నో అద్దె ట్రక్కుల పైకప్పులు చీల్చేసింది, 2019లో దాన్ని 12 అడుగుల 4 అంగుళాలకు ఎత్తారు. బోస్టన్‌లో స్టోరో డ్రైవ్ మీద ప్రతి సెప్టెంబరు మొదట్లో ఇలా ఇరుక్కుంటూనే ఉంటారు. మామూలు ఫోన్ మ్యాపు మీ బండి ఎత్తు అడగదు. కనెక్టికట్‌లోని మెరిట్ పార్క్‌వే, న్యూయార్క్ చుట్టుపక్కల పార్క్‌వేల మీద ట్రక్కులకూ ట్రెయిలర్లకూ ప్రవేశం లేదు, న్యూజెర్సీలో గార్డెన్ స్టేట్ పార్క్‌వే 105వ ఎగ్జిట్‌కు ఉత్తరాన బరువైన ట్రక్కులను రానివ్వరు. పార్క్‌వే అని పేరుంటే ఎక్కకండి, టర్న్‌పైక్ (టోల్ కట్టే పెద్ద హైవే) పట్టుకోండి.

ఇక రివర్స్. డాలీతో వెనక్కి వెళ్ళబోతే కొన్ని అడుగుల్లోనే కత్తి మడిచినట్టు మడుచుకుపోయి ట్రక్కుకు, కారుకు రెండింటికీ తగులుతుంది. ట్రెయిలర్‌తో అలవాటున్నవాళ్ళకే కాస్త సాధ్యం. అందుకే ఎక్కడికి వెళ్ళినా ముందుకే బయటపడే దారి కనిపిస్తేనే లోపలికి వెళ్ళండి. పెట్రోలు లవ్స్, పైలట్ లాంటి ట్రక్ స్టాపుల్లో పోయించండి. హోటల్ బుక్ చేసేటప్పుడు ఫోన్ చేసి ట్రక్ పార్కింగ్ ఉందా అని అడగండి. డ్రైవ్ త్రూ వైపు అసలు పోవద్దు. ఎక్కడైనా ఇరుక్కుంటే కారు దించి, ట్రెయిలర్ విప్పి, విడిగా తీయడమే శ్రేయస్కరం.

చేరాక

అపార్ట్‌మెంట్ గేటులోకి ట్రెయిలర్‌తో వెళ్ళకండి. కార్‌పోర్టు కప్పులు తక్కువ ఎత్తులో ఉంటాయి, లోపల తిప్పుకునే చోటూ ఉండదు. దగ్గర్లో పెద్ద స్టోర్ పార్కింగ్ లాట్ చివర కారు దించేయండి. గొలుసులు ముందు విప్పండి, పట్టీలు తర్వాత. రాచెట్ విడుదల చేసేటప్పుడు బిగుతు ఒక్కసారిగా వదులుతుంది, వేళ్ళు దూరంగా ఉంచండి. కారును రివర్స్‌లో మెల్లగా ర్యాంపు మీదుగా దించండి.

ట్రెయిలర్‌ను ఒప్పందంలో రాసిన షాపులోనే, రాసిన తేదీ లోపే ఇవ్వాలి. వేరేచోట వదిలితే అదనపు ఛార్జీ వేస్తారు. ట్యాంకులో ముల్లు తీసుకున్నప్పుడు ఎక్కడుందో అక్కడికి తెచ్చి, ముల్లు, మైళ్ళ అంకె, ట్రక్కు నాలుగు వైపులూ ఫొటోలు తీసుకోండి. టోల్ బిల్లులు నెల తర్వాత కూడా వస్తాయి, ఆ ఒప్పందం కాగితం అప్పటిదాకా దాచుకోండి.